సంతకం ఎవరు పెట్టాలి?

2009లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం జరిగింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకాను ఆడపిల్లలకు వేశారు. వారిలో హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు చాలామంది. మరి తల్లిదండ్రుల సమ్మతి? ఎన్నో పత్రాల మీద వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులే సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

టీకా మంచిదే కదా అంటారు. మంచిదే. టీకా వేయించుకున్న కొందరు బాలికల మరణాలకు టీకాయే కారణమని విచారణలోనూ తేలలేదు. కానీ మందు మంచిదైనంత మాత్రాన సంతకం సరైనదైపోదు. తల్లిదండ్రులు దూరాన ఉన్నారు, చదువు రాదు అంటారా? చదివి వినిపించవచ్చు, వాళ్ల భాషలోనే. ఆలస్యమవుతుంది, కానివ్వండి. మీ పిల్లల కోసం ఏ సమ్మతి పత్రం వచ్చినా చదివించుకోండి, అడగండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.