కంటబడని మలేరియా

గోదావరి జిల్లాల వారికి మన్యపు జ్వరమను మాట క్రొత్తది కాదు. రంపచోడవరము, మారేడుమిల్లి కొండలకు పోయి వచ్చిన వానికి చలియు వణకును పుట్టినచో, అది మన్యపు జ్వరమేయని ఇంటివారు నిశ్చయించుకొందురు. కాని వణకు పుట్టించు జ్వరములన్నియు మలేరియా కావు. నిజము చెప్పవలసినది రక్తపరీక్షయే.

1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తమునందు మలేరియా క్రిమిని చూచెను. 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దానిని దోమ కడుపులో కనుగొనెను. ఇద్దరికిని సాధనము సూక్ష్మదర్శినియే. నేటికిని ఆసుపత్రులలో అదియే ఆధారము. అయితే ఘన మిల్లీమీటరు రక్తమున సుమారు 50 క్రిములకు తక్కువైనచో, సామాన్యముగా అవి కంటబడవు.

ఈ లోపమును తీర్చునదే పి.సి.ఆర్. అను పరీక్ష. ఇది క్రిమిని చూడదు. దాని జన్యుపదార్థమైన డి.ఎన్.ఎ.ను వెదకును. రక్తమునుండి డి.ఎన్.ఎ.ను వేరుచేసి, మరల మరల వేడిచేయుచు చల్లార్చుచు, క్రిమికి మాత్రమే చెందిన తునకకు ప్రతులు తీయుదురు. ప్రతి ఆవృత్తికిని అవి రెండింతలగును. లెక్క ప్రకారము 30 ఆవృత్తులలో ఒక్క తునక నూరుకోట్లు దాటును. కనుకనే ఘన మిల్లీమీటరుకు రెండు మూడు క్రిములున్నను పట్టుబడును. అది ఫాల్సిపారమో, వైవాక్సో, రెండును కలిసియున్నవో కూడ తెలియును. రెంటికిని చికిత్స వేరు గనుక ఇది ముఖ్యము.

మలేరియా తరచు సోకు చోట్ల కొందరికి కొంత నిరోధశక్తి ఏర్పడును. వారికి జ్వరముండదు, పనులు మానరు; కాని వారిని కుట్టిన దోమ వ్యాధిని పొరుగింటికి చేర్చగలదు. వారిని కనిపెట్టనిదే, 2030 నాటికి దేశమున మలేరియాను నిర్మూలింపవలెనను సంకల్పము నెరవేరుట కష్టము. ఈ పరీక్ష ముఖ్యప్రయోజనమిదియే.

దీనికిని హద్దులున్నవి. ప్రయోగశాల, విద్యుత్తు, కొన్ని గంటల కాలము కావలెను. కాలేయమున నిద్రించు వైవాక్సు క్రిమి రక్తములో లేదు గనుక దీనికిని చిక్కదు. కావుననే వైద్యుడు వ్రాసిన ప్రైమాక్విన్ మాత్రలను, జ్వరము తగ్గినదని నడుమ మానరాదు.

జ్వరపీడితుడు పి.సి.ఆర్. కొరకు వేచియుండ నక్కరలేదు. వేలిని గ్రుచ్చి తీసిన చుక్కతో పావుగంటకో ఇరువది నిమిషములకో ఫలితమిచ్చు పట్టీ పరీక్ష గ్రామములలోనే జరుగుచున్నది. మన్యమునుండి తిరిగివచ్చిన పిమ్మట జ్వరము తగిలినచో, ఆ నాడే రక్తపరీక్ష చేయించుకొనుడు. పోయివచ్చిన సంగతి వైద్యునికి తప్పక చెప్పుడు. ఫాల్సిపారము విషయమున ఒక్క దినపు ఆలస్యమైనను ప్రాణము మీదికి తేగలదు.