పోస్టుడబ్బాలో కవరు

ఒక హాస్యనటి గురించి రెండు మాటలు.

కెరోల్ బర్నెట్ తన పేరిటే నడిచిన కార్యక్రమంతో 1967 నుంచి 1978 దాకా అమెరికా టీవీ ప్రేక్షకులను నవ్వించింది. తల్లిదండ్రులు తాగుడుకు బానిసలు. హాలీవుడ్‌లో ఒంటిగదిలో అమ్మమ్మే పెంచింది. కార్యక్రమం చివర చెవి లాగడం ఆ అమ్మమ్మకు పలకరింపు.

యూనివర్సిటీ ఫీజుకు డబ్బులేని రోజుల్లో పోస్టుడబ్బాలో ఒక కవరు దొరికింది. లోపల 50 డాలర్లు. పెట్టిందెవరో తెలియలేదు. ఆ చదువులోనే ఆమెకు నాటకం పరిచయమైంది.

నా పదో తరగతి పరీక్ష ఫీజూ ఎవరో కట్టారు. గుమాస్తాగారు పేరు చెప్పలేదు. ఆ బాకీ తీరే దారి ఒక్కటే. ఈ ఏడు ఫీజు కట్టలేని పిల్లలెవరో హెడ్మాస్టరుగారిని అడుగుదాం. మన పేర్లు మాత్రం బోర్డుమీద వద్దు.