సన్న చక్రమా, లావు చక్రమా?



నా చిన్నతనంలో మా నెల్లిమర్ల జూట్ మిల్లు షిఫ్టు వదిలిందంటే రోడ్డు నిండా నల్ల సైకిళ్ళే. మా నాన్నగారిదీ అదే రకం. అప్పట్లో సైకిలంటే మాకు ఆ ఒక్కటే తెలుసు.

మొన్న మా అమ్మాయి విజయనగరం కాలేజీలో చేరింది. "బస్సు కోసం నిలబడలేనమ్మా, సైకిలు కొను" అంది. షాపుకి వెళితే, ఒకదానికి వేలెడు సన్న చక్రాలు, పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలూను. ఇంకోదానికి లావు టైర్లు, ముందు స్ప్రింగులు. పిల్ల కళ్ళు లావుదాని మీదే. తేడా ఏమిటండీ అంటే షాపతను "అది స్టైలండీ" అన్నాడు. అది జవాబు కాదు కదా! నేనే నలుగురినీ అడిగి తెలుసుకున్నాను.

సన్నది రేసు సైకిలు. దాని టైరు వెడల్పు సుమారు 25 నుంచి 28 మిల్లీమీటర్లు. గాలి 80 పౌండ్ల దాకా గట్టిగా కొడతారు. టైరు నలగదు కనుక తొక్కిన బలం వృథా పోదు. ఎదురుగాలి తగలకుండా వంగి తొక్కుతారు. బరువు ఎనిమిది తొమ్మిది కిలోలే. 1903లో మొదలైన ఫ్రాన్సు దేశపు పెద్ద పందెంలో ఇప్పుడు తొక్కేది ఈ జాతివే. కానీ గుంతలో పడిందా, ట్యూబు నలిగి పంచరే. పుస్తకాలకి క్యారియరూ ఉండదు.

లావుది కొండ సైకిలు. 1970లలో అమెరికాలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత లావు టైర్ల సైకిళ్ళ మీద కొండదారులు దిగుతూ ఈ సరదా మొదలెట్టారు. 1996 నాటికి అది ఒలింపిక్స్‌కి ఎక్కింది. రెండంగుళాల టైరు, పాతిక ముప్పై పౌండ్ల గాలి. రాయి తగిలితే టైరే నలిగి కుదుపు మింగేస్తుంది. బుడిపెలు మట్టిని పట్టుకుంటాయి. చిన్న గేరు వేస్తే ఎత్తు ఎక్కడం తేలిక. అదే తారురోడ్డు మీద ఆ బుడిపెలే గరగరలాడుతూ కాళ్ళ సత్తువ తినేస్తాయి. చవకరకం స్ప్రింగులైతే వట్టి బరువు.

మరి మాకు రోజూ కొండలున్నాయా, పందేలున్నాయా? అందుకని ఒకటిన్నర అంగుళాల టైరు, మడ్‌గార్డులు, క్యారియరు, చున్నీ పడకుండా చైను కవరు ఉన్న మధ్యరకం కొన్నాను. పిల్ల ముఖం ముడుచుకుంది.

అప్పుడు చెప్పాను. నేను పదో తరగతితో ఆగింది మార్కులు రాక కాదు. నాన్నగారి సైకిలు కాలేజీకని అన్నయ్యకిచ్చారు. నాకివ్వాలని ఎవరికీ తోచలేదు. అడగాలని నాకూ తోచలేదు. పిల్ల మాట్లాడలేదు గానీ, మర్నాడు తెల్లారకుండానే సైకిలు తుడుచుకుంది.

కనుక అమ్మలూ, సైకిలు కొనేటప్పుడు రంగు తర్వాత చూద్దురుగాని, పిల్ల రోజూ వెళ్ళే దారి ముందు చూడండి. ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది, వారానికోసారి చూసుకోమనండి. అన్నిటికంటే ముందు, పిల్ల అడిగేదాకా ఆగకండి.

సెలవు.