మంచము ప్రక్కన నిలబడిన మనిషి
(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన స్త్రీల కూటములో చేసిన ప్రసంగము)



మన సంఘములో ఎవరికైనా జబ్బు చేసిందని తెలిస్తే పరామర్శకు వెళ్లడం మనకు పెద్దల నాటి నుండి ఉన్న అలవాటు. రొట్టె పొట్లము, నాలుగు బత్తాయిలు పట్టుకొని వెళతాము. ప్రార్థన చేస్తాము. "ఎలా ఉన్నారు?" అని రోగిని అడుగుతాము. ఆ ప్రక్కనే మాత్రలు, మంచినీళ్లు పట్టుకొని నిలబడిన మనిషిని మాత్రము ఏమీ అడగము. ఈ దినము ఆ రెండవ మనిషిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

ముందు మా ఇంటి సంగతే చెప్పుతాము. కొన్నేళ్ల క్రిందట ఒక తెల్లవారుజామున మా నాన్నగారు గుండెపోటు వచ్చి స్నానాల గది గుమ్మములో పడిపోయారు. ఊపిరి ఆడడం లేదు. 2005లో హైదరాబాదులో మొదలై ఊరూరికీ వచ్చిన 108 బండికి అన్నయ్య ఫోను చేశాడు. మా వదిన పంతులమ్మ. బడిలో ఒకప్పుడు నేర్పించిన విధముగా, బండి వచ్చేదాకా మామగారి రొమ్ము మీద రెండు చేతులతో నొక్కుతూనే ఉన్నది. నాన్నగారు బ్రతికారు. పదకొండు దినములు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చారు. కృతజ్ఞతా కూటము పెట్టుకున్నాము. గండము గడిచిందనుకున్నాము.

వదినకు మాత్రము గడవలేదు. రాత్రి నాలుగైదు సార్లు లేచి, నాన్నగారికి ఊపిరి ఆడుతున్నదో లేదో చూసి వచ్చేది. ఆ గుమ్మము దాటడానికి భయపడి పెరటిలోనే స్నానము చేసేది. మేము అలసట అనుకున్నాము. మూడవ వారములో ఒక సాయంత్రము ఆమె గంజి వారుస్తుండగా రోడ్డు మీద 108 బండి సైరను మోగింది. చేతిలోని గిన్నె జారి పాదము కాలింది. అప్పుడు గాని మేము ఆమె ప్రక్కన కూర్చోలేదు. "మొదటి చప్పుడుకే నేను లేచి ఉంటే మామగారికి ఇంత జరిగేది కాదు కదా" అని ఏడ్చింది. ఈ దిగులు ఆమెకు ఊరికే పుట్టలేదు. "కాస్త ముందుగా చూసి ఉండవలసింది" అని ఆస్పత్రి వరండాలో ఒకరు అన్నారు. అన్నది పరాయివారు కాదు, మాలో ఒకరమే.

ఆ తరువాత వైద్యులను అడిగి కొంత తెలుసుకున్నాము. ఆపద వచ్చినప్పుడు గుండె దడదడలాడడం, నిద్ర దూరమవడం శరీరము మనలను కాపాడే పద్ధతి. అయితే ఆపద తొలగినదని శరీరము వెంటనే గ్రహించదు. చప్పుడుకు ఉలికిపడుతుంది, ఆ రాత్రినే మరల మరల కళ్ల ముందుకు తెస్తుంది. ఫ్రాన్సు దేశములో 21 ఐ.సి.యు. వార్డులలోని రోగుల బంధువులను 90 దినముల తరువాత విచారించి, 2005లో ప్రకటించిన పరిశోధనలో, ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి ఇటువంటి లక్షణములు గట్టిగా కనిపించాయి. ఇది ఒక్క ఇంటి బాధ కాదు. విశ్వాస లోపము అసలే కాదు. ప్రాణము విసిగి చెట్టు క్రింద పడుకున్న ఏలీయాకు మొదట దొరికినది గద్దింపు కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు.

మేమును నిద్రతోనే మొదలుపెట్టాము. వారములో మూడు రాత్రులు కాపలా మేము పంచుకున్నాము. ఆ రాత్రులు వదిన వేరే గదిలో పడుకోవాలని కట్టడి చేశాము. మొదట ఒప్పుకోలేదు. "మీరు నిద్రపోతే?" అన్నది. గంట గంటకు చూసి కాగితము మీద గుర్తు పెడతామంటే అప్పుడు పడుకున్నది. సేవ చేసేవారికి "విశ్రాంతి తీసుకో" అని చెప్పి వెళ్లిపోతే విశ్రాంతి దొరకదు. వారి పని ఒకరు అందుకోవాలి.

తరువాత ఆమె మనసులోని నేరము సంగతి. "నీ తప్పేమీ లేదు" అని మేము ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. నాన్నగారిని మరల చూపించడానికి వెళ్లినప్పుడు ఆమెనూ తీసుకువెళ్లి, ఆమె ఎదుటనే డాక్టరుగారిని అడిగాము. "గుండె ఆగినప్పుడు మెదడుకు రక్తము పంపినది ఈమె చేతులే. ఆ నిమిషములే ఆయనను కాపాడాయి" అన్నారు. అనుమానము మనసులో ముదరక ముందే తెలిసినవారిని అడిగి తీర్చుకోవడము మంచిది.

స్నానాల గదిని అందరమూ కలిసి కడిగాము. గోడకు పట్టుకొనే కడ్డీ బిగించాము. అత్తగారు చెయ్యి పట్టుకొని తోడు నిలబడగా వదిన ఆ గుమ్మము దాటింది. భయపడిన చోటికి తోడుతో, కొద్ది కొద్దిగా వెళ్లాలి. ఎవరూ నెట్టకూడదు.

పరామర్శించేవారికి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 2011లో వెలువరించిన మార్గదర్శిని మూడు పనులు చెప్పుతుంది: చూడుట, వినుట, తగిన సహాయముతో కలుపుట. జరిగినదంతా గుచ్చి గుచ్చి అడగవద్దు. చెప్పినంత వినండి. నిద్ర పట్టడం లేదన్నవారికి మీ ఇంటిలోని నిద్రమాత్రలు ఇవ్వవద్దు. ఇటువంటి దెబ్బ తగిలిన మొదటి నెలలో ఆ జాతి మందులు ఇవ్వకూడదని అదే సంస్థ 2013లో సలహా ఇచ్చింది. మగవారిని కూడా అడగండి. మా అన్నయ్య కంటతడి పెట్టలేదు గాని, ఆ నెలలో సిగరెట్లు రెండింతలు కాల్చాడు.

నెల దాటినా నిద్ర, ఆకలి, పని కుదుటపడకపోతే మానసిక వైద్యుని చూడాలి. చచ్చిపోతే బాగుండునని అనిపిస్తే ఒక్క దినము కూడా ఆగకూడదు. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్‌కు 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితముగా, తెలుగులోనే మాట్లాడవచ్చును.

మా వదిన ఇప్పుడు బాగానే ఉన్నది. సైరను వినబడితే ఒక్క క్షణము ఆగుతుంది, తరువాత తన పని తాను చేసుకుంటుంది.

నూరు సంవత్సరములు నిండిన ఈ అధ్యక్ష మండలములో ప్రతి సంఘమునకు ఒక పరామర్శ పుస్తకము ఉంటుంది. అందులో రోగి పేరు వ్రాసిన చోటనే, సేవ చేసే మనిషి పేరు కూడా వ్రాయుదము. రోగి లేచి తిరిగిన తరువాత మొదటి పేరు కొట్టివేయవచ్చు. రెండవ పేరు మాత్రము మరి మూడు నెలలు ఉంచుదము. వెళ్లినప్పుడు ఆ మనిషిని ప్రక్కకు పిలిచి, "నీవు ఎలా ఉన్నావమ్మా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చుందము.