కౌలు హెచ్చింపు: పట్టాదారులు తెలిసికొనవలసిన నియమములు

(వరంగల్లు ప్రాంతపు రైతులకొఱకు ప్రసంగ పాఠము)



పట్టా గల రైతు తన పొలమునంతయు స్వయముగా సాగుచేసికొనజాలనప్పుడు కొంత భాగమును కౌలున కిచ్చుట వరంగల్లు ప్రాంతమున తరతరములనుండి వచ్చుచున్న పద్ధతి. చెరువు నిండిన యేడు తరి భూమికి పోటీ హెచ్చును. ధర పలికిన యేడు ప్రత్తి చేనికిని, మిరప తోటకును పోటీ హెచ్చును. ఆ పోటీని చూచి పట్టాదారు కౌలు పెంచును. అయితే ఎంతవరకు పెంచవచ్చును, ఏ కారణమున పెంచవచ్చును అనునవి కేవలము పట్టాదారు ఇష్టమునకు విడువబడిన విషయములు కావు. వానికి చట్టము హద్దు ఏర్పఱచినది. ఆ హద్దును గమనింపక నోటిమాటతో పని నడపిన పట్టాదారులు పలువురు తుదకు భూమినే పోగొట్టుకొనిరి.

పూర్వస్థితి

నిజాం రాజ్యమున 1317 ఫసలీ (1907) నాటి భూమిశిస్తు చట్టము క్రింద షిక్మీదారునకు సాగుభూమిపై కొంత స్థిరమైన హక్కుండెను. ఆసామీ షిక్మీ యనబడినవానికి అట్టిది లేదు. పట్టాదారునకు ఇష్టమున్నంతకాలమే వాని సాగు. కావున “ఇంత పెంచుము, లేనిచో విడువుము” అన్న మాట చాలియుండెను.

ఇందువలన పట్టాదారునకు లాభము కలిగినట్లు తోచును గాని, యథార్థము వేఱు. మరుసటి యేడు ఆ చేను తనచేత నుండునో లేదో యెఱుగని సాగుదారు పెంట తోలడు, గట్లు సరిచేయడు, బావిలో పూడిక తీయడు. చలక భూమి రెండు మూడేండ్లలో సారము కోల్పోవును. ఆ నష్టము కౌలుదారుతో పోదు, పట్టాతోనే నిలుచును.

1354 ఫసలీ (1945) లో ఆసామీ షిక్మీల చట్టము వచ్చెను. పిదప హైదరాబాదు కౌలుదారీ మరియు వ్యవసాయ భూముల చట్టము 1950 జూన్ 10వ తేదీన అమలునకు వచ్చెను. నాటి వరంగల్లు జిల్లాలో ఖమ్మము ప్రాంతమును చేరియుండెను. 1953లో అది ప్రత్యేక జిల్లా అయ్యెను.

రక్షిత కౌలుదారు ఎవరు?

కౌలు చేసిన ప్రతివాడును రక్షిత కౌలుదారు కాడు. 1342 మొదలు 1352 ఫసలీవరకు గల కాలములో ఎడతెగక ఆరేండ్లు గాని, 1948 జనవరి 1కి ముందటి ఆరేండ్లు వరుసగా గాని, 1353 ఫసలీ ఆరంభమునకు (1943 అక్టోబరు 6) పిమ్మట మొదలై చట్టము వచ్చులోపల నిండిన ఆరేండ్లు గాని స్వయముగా సాగుచేసిన వానికి ఆ హోదా కలిగెను.

కౌలునకు హద్దు

1954 సవరణ పిమ్మట హద్దు ఇట్లు స్థిరపడినది. బావి గాక చెరువు, కాలువ మొదలగు వానిచే పాఱు భూమికి పంటలో నాలుగవ వంతు. తక్కిన భూములకు అయిదవ వంతు. భూమి రకమునుబట్టి శిస్తుకు మూడు మొదలు అయిదు రెట్లవరకు అను లెక్కయు ఏర్పడినది.

ఒక ఉదాహరణము. పాకాల చెరువు క్రింది పొలములో 20 బస్తాల వడ్లు పండినచో పట్టాదారు భాగము 5 బస్తాలకు మించరాదు. అదే పంట బావి క్రింద పండినచో 4 బస్తాలకు మించరాదు. బావినీరు తోడు శ్రమయు వ్యయమును సాగుచేయువానిపై పడును గనుక ఈ భేదము న్యాయమే. సగపాలు పద్ధతి ఊరి ఆచారమని చెప్పినను, ఒప్పందమున వ్రాసికొనినను, హద్దు మీఱిన భాగము చెల్లదు. కౌలు గాక వెట్టి, మామూలు మొదలగునవి పుచ్చుకొనుటయు నిషిద్ధమే.

మఱి పట్టాదారు ఎన్నటికిని కౌలు పెంచరాదా? పెంచవచ్చును. హద్దునకు లోబడి, తన సొంత వ్యయముతో బావి త్రవ్వించి గాని, భూమి చదును చేయించి గాని సారము పెంచినప్పుడు హెచ్చింపు కోరుటకు తగిన కారణము కలదు. వరదచే మేటవేసి భూమి చెడినప్పుడు తగ్గింపు కోరుట కౌలుదారుని హక్కు.

తొలగింపు విషయము

కౌలు బాకీపడుట, భూమిని పాడుచేయుట, మాఱు కౌలున కిచ్చుట మొదలగు కారణములు చట్టములో చెప్పబడినవి. అయినను భూమిని తిరిగి స్వాధీనపఱచుకొనుటకు తహసీలుదారు ఉత్తరువు కావలయును. కౌలుదారు తానే విడిచినను ఆ విడుదల వ్రాతమూలముగ నుండి తహసీలుదారు యెదుట అంగీకరింపబడవలయును.

ఈ నియమము మీఱినందున ఏమి జరిగెనో ఆచార్య ఎ. ఎం. ఖుస్రో 1958లో ప్రకటించిన పరిశోధనము తెలుపుచున్నది. 1951లో రక్షిత కౌలుదారులైన ప్రతి నూరుగురిలో 1954–55 నాటికి సుమారు 45 గురు మాత్రమే ఆ హోదాలో నిలిచిరి. సుమారు 12 గురు భూమిని కొనిరి. సుమారు 22 గురు చట్టవిరుద్ధముగ తొలగింపబడిరి. సుమారు 17 గురు తమంత తామే విడిచినట్లు లెక్కకు వచ్చిరి. చట్టప్రకారము తొలగింపబడినవారు నూటికి ముగ్గురైనను లేరు.

బలముచే తొలగించినవారికి భూమి దక్కెనా? 1973 జనవరి 1 నుండి తెలంగాణములోని అధికభాగమున ఈ చట్టపు 38-ఇ విభాగము అమలై, రక్షిత కౌలుదారులకు నిర్ణీత పరిమితిలో యాజమాన్యము సంక్రమించెను. అక్రమముగ స్వాధీనము కోల్పోయినవాడును భూమిని కలిగియున్నట్లే చట్టము భావించెను. ఇరువదేండ్ల క్రిందట నోటిమాటతో తీసికొనిన పొలమునకు పట్టికలో వేఱొకని పేరు నిలిచియుండెను. వ్యాజ్యములు దశాబ్దములు సాగెను.

నేటి భయము

నేడు ఎకరమున కింతయని నగదు కౌలు ముందుగా పుచ్చుకొనుట విస్తారముగ నున్నది. కాగితము వ్రాసినచో భూమి పోవునని పట్టాదారుల భయము. పైన చెప్పిన సంవత్సరములు గడచిపోయినవి. నేటి కౌలు పత్రమువలన ఎవడును నాటి రక్షిత కౌలుదారు కాజాలడు. 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టము క్రింద ఇచ్చు రుణార్హత పత్రమును అప్పు మొదలగు సాయములకే గాని భూమిపై హక్కు నీయదు. అయినను సామాన్య కౌలుదారునైనను బలముచే వెడలగొట్టరాదు.

కావున గమనింపవలసినవి:

1. కౌలు మొత్తము, గడువు, సర్వే నంబరు, విస్తీర్ణము వ్రాతలో నుంచవలయును.

2. పుచ్చుకొనిన ప్రతి మొత్తమునకు రసీదు ఈయవలయును. రసీదు ఇచ్చినవానికే బాకీ రుజువుపఱచుట సులభము.

3. పంట నిలిచియుండగా కౌలు పెంచరాదు. హెచ్చింపు మాట విత్తుటకు ముందే తేలవలయును.

4. పంట చెడిన యేడు కౌలులో తగ్గింపు ఈయవలయును.

5. తగవు వచ్చినచో చేను మీదికి పోక తహసీలు కచ్చేరికి పోవలయును.

హద్దులో నుండు కౌలు ఏటేట వచ్చును. హద్దు మీఱిన కౌలు ఒక యేడు వచ్చి, భూసారమును, పొరుగువాని నమ్మికను, ఒక్కొక్కప్పుడు పట్టానుగూడ కొనిపోవును. రైతులు ఈ విషయమును యోచించి, రాబోవు తొలకరికి ముందే తమ కౌలు వ్యవహారములను సరిచేసికొందురుగాక.