శిక్షణ అందరికీ, మర్యాద అందరికీ

(పాల సంఘాల పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



1998 నవంబరులో హైదరాబాదు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైంది. దాని చుట్టూ పెరిగిన హైటెక్ సిటీలో ఇవాళ మన పల్లెల పిల్లలెందరో పనిచేస్తున్నారు. పాల డబ్బుతో చదువుకున్న ఆడపిల్లలూ వారిలో ఉన్నారు. మంచి కంపెనీలో చేరిన అమ్మాయికి ముందుగా శిక్షణ ఇస్తారు. పని నేర్పుతారు. ఎవరైనా లైంగికంగా వేధిస్తే ఎవరికి చెప్పుకోవాలో కూడా చెబుతారు.

ఇది యజమాని దయ కాదు, చట్టం. 1997లో సుప్రీంకోర్టు విశాఖ కేసులో ఇచ్చిన తీర్పు దీనికి పునాది. ఇక్కడ విశాఖ అంటే మన విశాఖపట్నం కాదు, రాజస్థాన్‌కు చెందిన ఒక మహిళా సంస్థ. తర్వాత 2013లో చట్టం వచ్చింది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షురాలు. సభ్యులలో కనీసం సగంమంది స్త్రీలు కావాలి.

మన బిడ్డకు అక్కడ ఆ రక్షణ ఉండాలని కోరుకుంటాం. మరి మన కేంద్రంలో క్యాన్లు కడిగే ఆమె సంగతేమిటి? “మా సంఘంలో పనిచేసేది నలుగురే, ఆ చట్టం మాకెందుకు?” అని కొందరు అంటారు. అది సరికాదు. పదిమందికన్నా తక్కువ ఉన్నచోట ఫిర్యాదు జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. మూడు నెలలలోగా రాసి ఇవ్వాలి. రాయలేని వారికి కమిటీ వారే సాయపడాలి. రోజుకూలీకీ ఈ చట్టం వర్తిస్తుంది. కేంద్రానికి పాలు పోయడానికి వచ్చే ఆమెకూ వర్తిస్తుంది.

ఇక పని నేర్చుకోవడం గురించి. పశువుకు మేత వేసేది, పాలు పితికేది చాలా ఇళ్ళలో ఆడవారే. శిక్షణ తరగతికి వచ్చేది మాత్రం మగవారు. వెన్న పరీక్ష ఒక్కరికే తెలిస్తే, ఆయన రాని రోజున సభ్యులకు లెక్క ఎవరు చెప్పాలి? గెర్బర్ పరీక్షలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు వాడతారు. శిక్షణ లేని చేతికి ఆమ్లం ఇస్తే చెయ్యి కాలుతుంది. కొలత తప్పితే సభ్యుని డబ్బు పోతుంది.

ఆడవారికి లెక్కలు చేతకావనేవారు ములుకనూరు వెళ్ళి చూడాలి. 2002లో మొదలైన అక్కడి మహిళా పాల సహకార సంఘం ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతూ వచ్చింది. సభ్యులూ మహిళలే, పాలకవర్గమూ మహిళలదే.

కూలి విషయమూ అంతే. ఒకే పనికి ఒకే వేతనం అన్న సూత్రాన్ని 1976 సమాన వేతన చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్ దానినే నిలబెట్టింది.

కనుక వచ్చే పాలకవర్గ సమావేశంలో మూడు తీర్మానాలు చేయవలసిందిగా కోరుతున్నాను:

1. ప్రతి సంఘంలో కనీసం ఇద్దరికి పాల పరీక్ష నేర్పించాలి. వారిలో ఒకరు మహిళ కావాలి.
2. ఒకే పని చేసే స్త్రీ పురుషులకు ఒకే కూలి ఇచ్చి, పుస్తకంలో రాయాలి.
3. జిల్లా స్థానిక కమిటీ చిరునామాను కేంద్రం గోడమీద అందరికీ కనబడేలా రాయించాలి.

ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. పాలు పోసేటప్పుడు మన వరుసలో కులం, ఆడ, మగ తేడా చూడం. పని ఇచ్చేటప్పుడు, నేర్పేటప్పుడు, మాట్లాడేటప్పుడు కూడా ఆ వరుసే పాటిద్దాం.