కొత్త కారునకు విషమజ్వరము



యంత్రములకు కలుగు దోషములు రెండు తెగలు. మొదటిది స్థిరదోషము. టైరులో గాలి పోయినది, దీపము వెలుగలేదు, హారను మ్రోగలేదు. ఇట్టివి ఎవరు చూచినను కనబడును, ఎవరికి చూపినను ఒప్పుకొందురు. రెండవది కాదాచిత్కదోషము. ఇది ఒకప్పుడు వచ్చును, ఒకప్పుడు రాదు. యజమానికి కనబడును, మెకానిక్కునకు కనబడదు. నడిరోడ్డుమీద విజృంభించి, వర్కుషాపు గడప త్రొక్కగానే సాధువై కూర్చుండును. మా వ్యాకరణములో 'బహుళము' అని యొక మాట కలదు. విధించిన కార్యము ఒకచో జరుగును, ఒకచో జరుగదు, ఒకచో జరిగినను మానినను సరియే యగును, మఱియొకచో ఊహింపని రూపమే సిద్ధించును. ముప్పదిమూడేండ్లు ఉన్నత పాఠశాలలో ఈ మాటకు అర్థము చెప్పితిని. అది ఇంజనులో గూడ ప్రవర్తించునని 2023వ సంవత్సరపు వేసవిలో ప్రత్యక్షముగా తెలిసినది.

పాతకారు ఇట్లు చేసినచో లోకము నమ్మును. కొత్తకారు చేసినదన్నచో నమ్మదు. "కొత్తది గదా, లోపమెట్లుండును?" అను ప్రశ్నయే అందఱి నోటను వచ్చును. తర్కము చదివినవారు దీనిని హేత్వాభాసమందురు. యంత్రశాస్త్రజ్ఞులు లోపములు పుట్టు తీరును గీతగా గీచి, అది స్నానపుతొట్టి యాకారములో నుండునని చెప్పుదురు. ఆరంభమున ఎత్తు, నడుమ పల్లము, వార్ధకమున మరల ఎత్తు. కర్మాగారమున బిగింపని మర, చివరివరకు దూరని తీగ, అచ్చులో పొరపాటున నిలిచిన గాలిబుడగ, ఇవన్నియు మొదటి నెలలలోనే తలయెత్తును. కాబట్టి కొత్తదనము నిర్దోషిత్వమునకు హేతువు కానేరదు.

పదవీవిరమణానంతరము చేతికందిన ద్రవ్యములో కొంత వెచ్చించి, 2023 ఫిబ్రవరిలో ఒక చిన్న పెట్రోలు కారు కొంటిని. తయారుచేసినవారి పేరు, అమ్మినవారి పేరు ఈ ప్రసంగమునకు అవసరము లేదు. రెండు నెలలు అది గోమాతవలె నడచినది. ఏప్రిల్ మాసమున ఒకనాడు నేనును నా సహధర్మచారిణియు విజయవాడనుండి గుంటూరునకు తిరిగి వచ్చుచు, మంగళగిరిలో పావుగంట ఆగి బయలుదేరితిమి. ఖాజా టోలుగేటు ఇంకను రాలేదు. వెనుక సిమెంటు లారీ, ప్రక్కను బస్సు. ఇంజను చప్పుడు చేయక ఆగిపోయినది. దడదడలాడలేదు, వణకలేదు, దీపము ఆర్పినట్లు ఆగినది. ఎట్లో రోడ్డు అంచునకు చేరితిమి. తాళము ఎన్నిమారులు త్రిప్పినను స్టార్టరు తిరుగుటయే గాని ఇంజను అందుకొనలేదు. ముప్పావుగంట గడచిన పిమ్మట ఏమియు ఎరుగనట్లు మొదటి త్రిప్పుతోనే అందుకొన్నది.

మఱునాడు సర్వీసు సెంటరునకు పోతిమి. వారు స్కానరు తగిలించి చూచిరి, పది కిలోమీటర్లు నడిపిరి, "మాస్టారూ, బండి బ్రహ్మాండంగా ఉంది. నిశ్చింతగా తీసుకెళ్ళండి" అనిరి. మే నెలలో మరల రెండుమారులు పోతిని. మూడవమారు అచటి యువకుడొకడు మర్యాదగానే, "క్లచ్చి వదలడంలో తేడా వస్తోందేమో సార్, కొత్త బండి అలవాటవ్వాలి" అనెను. నాకు ముప్పదియేండ్లుగా కారు నడుపు అలవాటు కలదు. అయినను ఆ మాట వినగానే ప్రక్కనున్న నలుగురు నావంక జాలిగా చూచిరి. అరువదియేండ్లు దాటినవాని సాక్ష్యమునకు విలువ తగ్గుచుండుట లోకసహజమే యనుకొనుడు. కాని ఆ సాక్ష్యము త్రోసివేయబడినచో, మఱియొకనాడు అదే రహదారిపై అదే లారీ ముందర మేమిద్దరము నిలువవలసి యుండును గదా!

ఇచట వైద్యశాస్త్రము జ్ఞప్తికి వచ్చినది. ఆయుర్వేదమున విషమజ్వరములని కలవు. దినము విడిచి దినము వచ్చునది తృతీయకము, నడుమ రెండు దినములు విడిచి వచ్చునది చాతుర్థకము. నాడి చూచిన పూట ఒడలు చల్లగానున్నదని రోగిని ఇంటికి పంపివేయు వైద్యుని ఎవరును వైద్యుడనరు. జ్వరము ఏ వేళ వచ్చినది, ముందు చలి పుట్టెనా, ఏమి తిన్నప్పుడు హెచ్చెను, ఏమి చేసినప్పుడు తగ్గెను అని అడుగవలెను. ఏది హితము కలిగించునో దానినిబట్టి రోగమును గుర్తించుటకు 'ఉపశయము' అని పేరుపెట్టి, నిదానపంచకములో దానికొక స్థానమిచ్చిరి. కారునకు నోరు లేదు. దాని పక్షమున ఈ వృత్తాంతము చెప్పవలసినవాడు యజమాని యొక్కడే.

అందుచేత ఒక నోటుపుస్తకము కొని, గళ్లు గీచి, కారులో పెట్టితిమి. తేది, వేళ, ఎండయా వానయా, బయలుదేరి ఎంతసేపైనది, నడుమ ఎంతసేపు ఆపితిమి, వేగమెంత, గేరు ఏది, ఏసీ నడచుచున్నదా, పెట్రోలు ఎంత, ఏ బంకులో పోయించితిమి, ఆగిన పిమ్మట ఎంతసేపటికి అందుకొన్నది. కారు నడుపువాడు వ్రాయరాదు గనుక ఆ భారము ఆమె వహించినది. "మే 19, పగలు 1-40, ఎండ తీవ్రము, 50 నిమిషములు నడచి, 12 నిమిషములు ఆగి, మరల బయలుదేరిన 4 నిమిషములకు ఆగినది, 40 నిమిషములకు అందుకొన్నది" అని యొక పంక్తి. లోపము రాని ప్రయాణములను గూడ వ్రాయుమంటిని. ఇది చాలమంది చేయరు. దోషము కలిగిన దినములను మాత్రమే వ్రాసినచో సగము శాస్త్రమే యగును. ఇది యున్నచో అది కలుగుట అన్వయము. ఇది లేనిచో అది కలుగకుండుట వ్యతిరేకము. రెండును కుదిరిననే కారణము తేలును.

జూను నడిమికి ఏడు ఉపద్రవములును, ముప్పదికి పైగా నిరుపద్రవ ప్రయాణములును పుస్తకమున చేరినవి. ఉదయపు ప్రయాణములలో ఒక్కమారైనను ఆగలేదు. పెట్రోలు మూడు బంకులది, మూడింటితోను ఆగినది. కావున అది నిర్దోషి. ఏసీ ఉన్నను ఆగినది, లేకున్నను ఆగినది. మిగిలినది ఒక్కటే. ఏడుమారులును కారు చాలసేపు నడచి, పది పదునైదు నిమిషములు ఆపబడి, మరల బయలుదేరిన కొద్దిసేపటికే ఆగినది. ఆగియున్నప్పుడు ఇంజను చల్లబడును గదా, దోషమేల హెచ్చవలెనని సందేహము కలుగవచ్చును. నడచుచున్నంతసేపు లోపలి నీరు తిరుగుచుండును, ఎదురుగాలి తగులుచుండును. ఆపినతోడనే ఆ రెండును నిలిచిపోవును. అప్పుడు ఇనుములోని వేడి చుట్టుప్రక్కల చిన్న భాగములకు ప్రాకి, కొంతసేపు వానిని నడచునప్పటికంటె ఎక్కువ కాల్చును. పొయ్యి ఆర్పిన పిమ్మట మూతమీద చేయి పెట్టి చూచిన ఇల్లాండ్రకు ఇది తెలిసిన విషయమే.

అన్నిటికంటె విలువైన సాక్ష్యము ఆరవ పర్యాయమున దొరకినది. కారు నాల్గవ గేరులో పోవుచుండగా ఇంజను ఆగినది. నేనింకను క్లచ్చి నొక్కలేదు. ఆమె డాషుబోర్డువంక చూచి, "ఏమండీ, ఈ ముల్లు మెల్లగా దిగుతోంది గానీ, ఆ ముల్లు ఒక్కసారే సున్నాకి పడిపోయిందేమిటి?" అనెను. మెల్లగా దిగినది కారు వేగము చూపు ముల్లు. ఒక్కమారుగా పడినది ఇంజను చుట్లు చూపు ముల్లు. ఇందలి విశేషము గమనింపుడు. గేరులో నున్నంతసేపు దొర్లుచున్న చక్రములే ఇంజనును త్రిప్పుచుండును. పెట్రోలు అందకపోయినను, నిప్పు రవ్వ పుట్టకపోయినను, ఇంజను తిరుగుచునే యుండవలెను; చుట్ల ముల్లు వేగముతోపాటు క్రమముగా దిగవలెను. అది ఒక్క పెట్టున సున్న చూపినదన్నచో, ఇంజను తిరుగుచున్నను తిరుగుటలేదని ఎవరో కంప్యూటరునకు అబద్ధము చెప్పుచున్నారన్నమాట.

ఆ చెప్పువాడు క్రాంకుషాఫ్టు సెన్సారు. ఇంజను నడుమ తిరుగు ఇరుసునకు పండ్ల చక్రమొకటి యుండును. పలు కార్లలో అరువది పండ్లకు చోటిడి, గుర్తు కొఱకు రెండు పండ్లు తీసివేయుదురు. ప్రక్కనున్న సెన్సారు ఆ పండ్లను లెక్కించి, ఇరుసు ఏ స్థితిలో నున్నదో కంప్యూటరునకు తీగద్వారా తెలుపును. ఆ వార్త రాకున్నచో కంప్యూటరు పెట్రోలు చిమ్ముటను, నిప్పు రవ్వ పుట్టించుటను వెంటనే మానివేయును. ఇంజనే ఆగినప్పుడు వార్త ఆగుట సహజము గనుక, ఏది ముందు ఆగెనో కంప్యూటరు అన్నివేళల పోల్చుకొనలేదు. స్కానరులో తప్పు నమోదు కాకుండుటకు ఇదియొక కారణము.

నాల్గవమారు పోయినప్పుడు నోటిమాటతో సరిపెట్టలేదు. వృత్తాంతమంతయు ఒక కాగితముపై వ్రాసి, రెండు ప్రతులు తీసి, ఒకదానిపై ముద్ర వేయించుకొంటిని. జాబ్ కార్డులో "చెకప్" అని వ్రాయబోగా, అట్లుగాక "వేడిమీద ఆపి మరల నడిపినచో ఇంజను ఆగుచున్నది, చుట్ల ముల్లు ఒక్కమారుగా సున్నకు పడుచున్నది" అని వ్రాయుమని పట్టుబట్టితిని. ఆ మాటలు లోపలనున్న ఎలక్ట్రికల్ పనివాని కంటబడినవి. వయస్సున చిన్నవాడు, పనిలో పెద్దవాడు. కాగితము రెండుమారులు చదివి, "మాస్టారూ, ఇది ముందే ఇలా రాసి ఉంటే నాకు మొదటిసారే చెప్పేవాళ్ళు" అనెను. ఇంజను నడుచుచుండగా సెన్సారు చుట్టు వేడిగాలి పట్టించి, తీగను మెల్లగా కదలించెను. మూడవ కదలికకు ఇంజను ఆగినది! నాకు కలిగిన సంతోషము చెప్పనలవి కాదు. తన కారు ఆగిపోయినందుకు ఆనందించిన యజమాని ఆ వర్కుషాపులో నేనొక్కడనే యయియుందును.

కనెక్టరు విప్పి చూడగా, లోపలి మూడు పిన్నులలో ఒకటి తన గూటిలో చివరివరకు దూరి తాళము పడలేదు. చల్లగా నున్నప్పుడు తగులుకొనియుండును. వేడికి చుట్టునున్న ప్లాస్టిక్కు వ్యాకోచించి, కొంచెము అదరినచో ఎడమగును. వెండ్రుకవాసి ఎడము! ఆ తీగల కట్టను వారంటీ క్రింద మార్చిరి. ఆ పిమ్మట రెండు వేసవులు గడచినను ఆ చేష్ట మరల జరుగలేదు.

ఇట్టి చిక్కులో పడినవారికి స్కానరు విషయమొకటి చెప్పవలెను. మన దేశపు కార్లలో రెండవ తరము స్వయంపరీక్షా వ్యవస్థ 2013 ఏప్రిల్ నుండి నిర్బంధమైనది. పెక్కు తప్పులను అది మొదటిమారు 'సందిగ్ధము'గా పట్టి యుంచి, తరువాతి ప్రయాణమున గూడ కనబడిననే ఖాయము చేసి పసుపు దీపము వెలిగించును. దీపము వెలుగలేదు గనుక తప్పు లేదనరాదు. సందిగ్ధపు పట్టీని గూడ చూడుమని అడుగవలెను. తప్పు ఖాయమైన క్షణమున ఇంజను వేడి ఎంత, చుట్లెన్ని, వేగమెంత యను వివరములు గూడ నిలువచేయబడును. మెకానిక్కు "క్లియర్ చేసేశానండీ" అన్నాడన్నచో ఆ వివరములు తుడిచిపెట్టుకొని పోయినవన్నమాట. బ్యాటరీ తీగ ఊడదీసినను చాలకార్లలో అంతే. కనుక తుడువకముందే ఆ తెరను ఫోనుతో ఫోటో తీసికొనుడు. సాక్షిని విచారింపకయే ఊరు దాటించుట న్యాయము కాదు గదా!

అన్ని యత్నములు చేసినను లోపము దొరకనిచో? వినియోగదారుల రక్షణ చట్టము, 2019, అనునది 2020 జూలై 20 నుండి అమలులో నున్నది. 50 లక్షల లోపు వెల యిచ్చి కొన్న వస్తువును గూర్చి జిల్లా కమిషనులోనే, అదియు కొన్న ఊరిలో గాక మనము కాపురమున్న ఊరిలోనే, ఫిర్యాదు చేయవచ్చును. వెల 10 లక్షలకు మించనిచో రుసుము 200 రూపాయలు దాటదు. వివాదకారణము పుట్టిన రెండేండ్లలోపల పోవలెను. పరీక్ష లేకుండ తేలని లోపమైనచో కమిషనువారు వస్తువును తగిన పరీక్షాశాలకు పంపగలరు. అయినను కొత్తకారే ఇప్పింతురని ఆశపడి పోవద్దు. వారంటీ షరతులనుబట్టి లోపమున్న భాగమును బాగుచేయుట, మార్చుట వరకే బాధ్యత యని సుప్రీంకోర్టు 2006లో ఒక కారు వ్యాజ్యమున తీర్పు చెప్పినది. అక్కడ మన పక్షమున నిలుచునవి జాబ్ కార్డులే. "లోపము కానరాలేదు" అని వ్రాసిన కార్డును గూడ పారవేయకుడు. మనము ఆ తేదికే చెప్పుకొంటిమనుటకు అదియే ఆధారము. వ్యాజ్యమునకు ముందు 1915 అను జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుట మేలు.

కాలము ముగియవచ్చినది. దారిలో ఇంజను ఆగినప్పుడు చేయవలసిన పని చెప్పి విరమింతును. బ్రేకునకు సాయపడు శూన్యపీడనము రెండు మూడు త్రొక్కులకే హరించిపోవును. ఆపై పెడలు రాయివలె బిగియును. కావున మాటిమాటికి త్రొక్కక, ఒక్కమారు త్రొక్కి పట్టియుంచవలెను. స్టీరింగు బరువెక్కినను తిరుగును. కారు కదలుచుండగా తాళము చివరివరకు త్రిప్పి తీయరాదు, స్టీరింగునకు తాళము పడును. నాలుగు ప్రక్కల దీపములు మినుకుమను మీట నొక్కి, ఎడమ అంచునకు చేర్చి, లోపలివారిని రోడ్డునకు దూరముగా దింపి, ఎఱ్ఱ త్రికోణపు పలకను వెనుక వచ్చు లారీ దూరమునుండియే చూచునట్లు నిలుపవలెను. నోటుపుస్తకములో వ్రాయుట ఆ తరువాత.